ఏడో అధ్యాయం: కిలో లెక్కన దొరికిన పటర్

రాణీగంజ్ వెనక సందుల్లో ఒక పాత సామాన్ల కొట్టు ముందు ఆదివారం పొద్దున నిలబడి ఉన్నాను. ఇంట్లో కుళాయి కారుతుంటే దానికి సరిపడే ఇత్తడి బిరడా కోసం వెళ్లాను. మోటారు వైండింగులు, సొట్టపడ్డ బిందె, తలుపు గొళ్లేల గుట్ట మధ్యలోంచి సన్నటి ఉక్కు కడ్డీ ఒకటి పైకి తేలి ఉంది. లాగితే చివర చింతగింజ రంగులో ఒక లోహపు ముక్క. గోల్ఫ్ ఆటలో చివరికి బంతిని గుంతలోకి దొర్లించే కర్ర, పటర్.

"గది పీతల్ సార్. కడ్డీ ఇరగ్గొట్టి తలకాయ తూకానికేస్తం" అన్నాడు కొట్టు యజమాని.

"ఇరగ్గొట్టకు అన్నా. నాకియ్యి."

"ఏం జేస్తరు సార్ దీంతోని? పొయ్యిల కట్టెలు ఎగదోస్తరా?"

తల బరువు మూడు వందల గ్రాములకు అటూ ఇటూగా ఉంటుంది. ఇత్తడి తూకం లెక్కన చూస్తే పెద్ద మొత్తమేమీ కాదు. నా మొహంలో ఆత్రం కనిపించింది కాబట్టి ఐదు వందలన్నాడు. ఇచ్చేశాను. ఇంటికొచ్చి తడిగుడ్డతో తుడిస్తే అడుగున 'బుల్స్ ఐ' అన్న అక్షరాలు బయటపడ్డాయి. కుళాయి ఇంకో వారం కారింది.

ఈ అధ్యాయం పాత కాలపు పటర్ వెతుక్కుని కొనడం గురించి. చెప్పదలచింది ఒకటే: పేరును చూసి కొనకండి, చేతిని అడిగి కొనండి. ఈ మాట నేను తెలివితో కనిపెట్టింది కాదు, డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నది. ఆ కథ తర్వాత వస్తుంది.

గోల్ఫ్ ఆడేవాళ్లలో చాలామంది దూరం కొట్టే కర్ర డ్రైవర్ మీద పెట్టే శ్రద్ధ పటర్ మీద పెట్టరు. లెక్క వేసి చూడండి. 72 పార్, అంటే 72 దెబ్బల్లో ముగించాల్సిన కోర్సులో ప్రతి హోల్‌కూ రెండు పట్‌లు (పటర్ దెబ్బలు) ఇచ్చి పార్ కడతారు. పద్దెనిమిది హోల్స్‌కు 36, అంటే ఆటలో సగం. డ్రైవర్‌ను రౌండు మొత్తంలో పద్నాలుగు సార్లకు మించి బయటకు తీయడం అరుదు. అయినా నెలల తరబడి డబ్బు కూడబెట్టేది డ్రైవర్ కోసమే. మన పెళ్లిళ్లలో మండపానికి లక్షలు పోసి వంటవాడి దగ్గర బేరమాడినట్టు.

సరే, కొత్త పటర్లు ఉన్నాయిగా, పాతది దేనికి? నిజాయితీగా చెప్పాలంటే కొత్తవే తేలిక. ఇప్పటి పెద్ద తల పటర్లు బంతి కాస్త పక్కకు తగిలినా సర్దేస్తాయి. పలచటి తల ఉన్న పాత బ్లేడ్ పటర్ సర్దదు. తప్పు కొడితే చేతిలో జిల్లుమంటుంది, బంతి దారిలోనే నీరసించి ఆగిపోతుంది. ఆ జిల్లు కోసమే నేను పాతదాన్ని కోరుకుంటాను. పద్దులు రాసే గుమాస్తాలాగా మన చేతి తప్పును అప్పటికప్పుడు మన ముందు పెడుతుంది. అది మీకు చిరాకైతే ఈ అధ్యాయం ఇక్కడే మూసేసి కొత్తది కొనుక్కోండి, తప్పేం లేదు.

పాత పటర్లలో వెతకదగ్గ జాతులు ఎక్కువ లేవు. మొదటిది నాకు దొరికిన బుల్స్ ఐ. జాన్ రాయిటర్ అనే అమెరికన్ రూపొందించిన సన్నటి ఇత్తడి పటర్. తర్వాత అకుష్నెట్ కంపెనీ చేతికి వెళ్లింది. ఏ అలంకారమూ లేని వస్తువు. రెండోది విల్సన్ కంపెనీ 8802. తల లోపలి చివర, అంటే మడమ దగ్గర కడ్డీ కలిసే పలచటి ఉక్కు బ్లేడ్. చూడ్డానికి కూరగాయల కత్తిలా ఉంటుంది.

ఈ 8802 అంటే గుర్తొచ్చేది ఆటగాడు బెన్ క్రెన్‌షా. టెక్సస్‌లో కుర్రాడిగా ఉన్నప్పుడు వాళ్ల నాన్న హార్వీ పెనిక్ అనే గోల్ఫ్ గురువు దుకాణంలో 20 డాలర్లకు కొనిచ్చిన పటర్ అది. దానికి 'లిటిల్ బెన్' అని పేరు. దాంతో 1984లో మాస్టర్స్ టోర్నీ గెలిచాడు, 1995లో మరోసారి గెలిచాడు. నాకు ఎక్కువ ఇష్టమైంది మధ్యలో జరిగిన కథ. 1987 రైడర్ కప్‌లో ఒక పట్ తప్పిన కోపంలో దాన్ని విరగ్గొట్టుకున్నాడు. మిగతా ఆటంతా గుంత చుట్టూ ఉండే గ్రీన్ మీద 1-ఐరన్‌తో, శాండ్ వెడ్జ్‌తో లాక్కొచ్చి చివరి హోల్ దాకా పోరాడి ఓడాడు.  ప్రపంచంలో పటర్‌ను అందరికంటే చక్కగా తిప్పే మనిషికే అంత కోపం వచ్చినప్పుడు, మనం పటర్‌ను కాస్త క్షమించవచ్చు.

మూడో జాతి పింగ్ ఆన్సర్. ఇప్పుడు దుకాణాల్లో కనిపించే పటర్లలో సగానికి తాత ఇదే. నార్వేలో పుట్టి అమెరికాలో పెరిగిన కార్‌స్టన్ సోల్‌హైమ్ జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో ఇంజనీరు. ఇంటి గ్యారేజీలో 1959లో చేసిన మొదటి పటర్ బంతికి తగలగానే 'పింగ్' అని మోగింది. ఆ చప్పుడే కంపెనీ పేరైంది. 1966లో ఓ కొత్త ఆకారం తోచి, చేతికి కాగితం దొరక్క గ్రామఫోన్ రికార్డు అట్ట మీద గీశాడు. బరువును మధ్యలోంచి తీసి రెండు చివర్లకూ జరిపాడు, దాంతో బంతి పక్కకు తగిలినా తల తక్కువగా మెలితిరుగుతుంది. పేరుకు 'ఆన్సర్' అన్న మాటలో ఒక అక్షరం ఎక్కువై పటర్ మీద పట్టలేదు. భార్య లూయిస్ ఆ అక్షరం తీసేయమంది. 1969లో జార్జ్ ఆర్చర్ ఆన్సర్‌తోనే మాస్టర్స్ గెలిచాడు. తొలి ఆన్సర్ల మీద 'స్కాట్స్‌డేల్' అని ఊరి పేరు ఉంటుంది, తర్వాతవాటి మీద 'ఫీనిక్స్'. సేకరణ చేసేవాళ్లు ఆ మొదటి పేరు కోసం ప్రాణమిస్తారు. ఆటకు మాత్రం రెండింటికీ తేడా లేదు.

హికరీ చెక్క కడ్డీల పటర్లు కూడా అప్పుడప్పుడు బయటపడతాయి. గోడకు తగిలించుకోవడానికి బాగుంటాయి. మన వానాకాలానికి చెక్క ఉబ్బి, ఎండాకాలానికి కుంచించుకుపోయి, తల వదులవుతుంది. ఏడాదికి రెండుసార్లు అవిసె నూనె రాయగల ఓపిక ఉంటేనే తీసుకోండి. ఇక కడ్డీ మధ్యలో కలిసే, మందపాటి తల ఉన్న మ్యాలెట్ పటర్లకు వింత చరిత్ర ఉంది. 1904లో వాల్టర్ ట్రావిస్ అనే అమెరికన్ అలాంటి అల్యూమినియం పటర్‌తో శాండ్విచ్ అనే ఊళ్లో బ్రిటిష్ అమెచ్యూర్ గెలిచాడు. కొన్నేళ్లకు బ్రిటిష్ వాళ్లు ఆ ఆకారాన్నే నిషేధించి నలభై ఏళ్ల దాకా ఎత్తేయలేదు. దాన్ని కనిపెట్టినవాడు కూడా జనరల్ ఎలక్ట్రిక్ ఇంజనీరే! ఆ కంపెనీలో పని వేళలు బాగా ఖాళీగా ఉండేవేమో.

ఇక వెతుకులాట. ఇందులో సికింద్రాబాద్ వాళ్లకు ఉన్న అదృష్టం మిగతా తెలుగు ఊళ్లకు లేదు. 1806 నుంచీ ఇది దండు ఊరు. దొరల సైన్యం పోయాక మన సైన్యం ఉంది, కంటోన్మెంట్‌లో సైన్యానికి గోల్ఫ్ కోర్సు ఉంది. హైదరాబాద్ వైపు గోల్కొండ నయా ఖిల్లాలో, గచ్చిబౌలి రాళ్ల మధ్య వచ్చిన కోర్సులు మన జ్ఞాపకంలోనివే. సికింద్రాబాద్ వైపు తిరుమలగిరి, మారేడ్‌పల్లి, సైనిక్‌పురి ఇళ్లలో మాత్రం రిటైరైన అధికారుల అటకల మీద రెండు తరాల గోల్ఫ్ సంచులు దుమ్ము పట్టి ఉన్నాయి.

మొదటి దారి ఈ ఇళ్లే. సైనిక్‌పురిలో పెద్ద పెద్ద ఇళ్లు ఒక్కొక్కటే అపార్ట్‌మెంట్లకు వెళ్తున్నాయి. పిల్లలు అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉంటారు, పెద్దవాళ్లు రెండు గదుల ఫ్లాట్‌కు మారతారు, సామాను తేల్చాల్సి వస్తుంది. సంచి సంగతి అప్పుడు బయటికొస్తుంది. కాలనీ వాట్సాప్ గ్రూపులో మీకు తెలిసినవాళ్లుంటే 'పాత గోల్ఫ్ కర్రలు ఏమైనా ఉంటే చెప్పండి' అని ఒక మాట వేసి ఊరుకోండి. రోజూ అడగొద్దు. ఇళ్లు ఖాళీ అయ్యే కాలం మన చేతిలో ఉండదు.

వెళ్లినప్పుడు గుమ్మంలోనే 'ఎంతకిస్తారు' అనకండి. నేనొకసారి ఒక కల్నల్ గారింటికి వెళ్లాను. ఆయన పోయి ఏడాదైంది. ఆంటీ టీ ఇచ్చి, ముందు సంచి చూపించలేదు, ఫోటోలు చూపించారు. వెల్లింగ్టన్, దేహ్రాదూన్, మహూ. గంట తర్వాత సంచి వచ్చింది. అందులో కంచు రంగు ఆన్సర్ ఒకటి ఉంది, 'ఫీనిక్స్' ముద్రది. "నువ్వు ఆడతావు కదా బాబూ, ఊరికే తీసుకో" అన్నారావిడ. అక్కడ మనిషికి పరీక్ష. నేను అది ఏమిటో, బయట సుమారు ఎంత పలుకుతుందో చెప్పాను. మనవడికి ఇవ్వాలనిపిస్తే ఇవ్వండి, లేదంటే ఈ ధరకు నేను తీసుకుంటాను అన్నాను. ఆవిడ ఆలోచించి మనవడికే దాచారు. రెండు రోజులు నాకు అన్నం సయించలేదు.

మరి రాణీగంజ్ కొట్టాయనకు ఎందుకు చెప్పలేదు? ఆయన వ్యాపారి, ఆంటీ కాదు అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. ఇప్పటికీ ఆ సర్దుబాటు పూర్తిగా కుదరలేదు.

రెండో దారి పాత క్యాడీలు. ముప్పై ఏళ్లుగా సంచి మోసినవాళ్లకు ఎవరి దగ్గర ఏముందో తెలుసు. వాళ్ల దగ్గర కూడా సభ్యులు బహుమతిగా ఇచ్చిన పాత పటర్లుంటాయి. గ్రీన్ మీద మీ పట్ చూసి, 'ఇది కాదు సార్, మీకు చివర బరువుండేది కావాల' అని చెప్పగలిగేదీ వాళ్లే. ఆ మాటకు విలువ కట్టి ఇవ్వండి.

మూడో దారి విదేశాల్లో ఉన్న మేనల్లుళ్లు. అమెరికాలో గుడ్‌విల్ లాంటి పాత సామాన్ల దుకాణాల్లో గోల్ఫ్ కర్రలు అమ్ముతారు. అయితే వాళ్లకో మాట ముందే చెప్పండి: విమానంలో చేతి సంచితో తీసుకెళ్లనివ్వరు. సూట్‌కేసులో పెడదామంటే 35 అంగుళాల పటర్ మూలకు మూల పెట్టినా చాలా పెట్టెల్లో పట్టదు. మా మేనల్లుడు చివరికి చీపుర్ల డబ్బాలో పెట్టి చెక్-ఇన్ చేశాడు.

కొనేముందు చూడాల్సినవి చెప్తాను. నాతోపాటు జేబులో ఒక చిన్న అయస్కాంతం, ఒక టేపు, ఒక గోల్ఫ్ బంతి, రూపాయి బిళ్ల ఉంటాయి. ఇత్తడి, కంచు అని చెప్పిన తలకు అయస్కాంతం ఠపీమని అతుక్కుంటే అది పూత వేసిన ఉక్కు, దండం పెట్టి వచ్చేయండి. 8802 లాంటివి ఉక్కువే కాబట్టి వాటికి అతుక్కోవడం తప్పు కాదు. టేపుతో పొడవు కొలవండి. మామూలుగా 33 నుంచి 35 అంగుళాలుంటుంది. పాత యజమాని పొట్టివాడైతే కోయించి ఉంటాడు. ఒక కన్ను మూసి కడ్డీ వెంట చూడండి, వంకర తెలుస్తుంది. గ్రిప్ కింది అంచు దగ్గర తుప్పు ఉంటే లోపల ఇంకా ఉందని అర్థం.

పటర్‌ను రెండు వేళ్ల మధ్య వేలాడదీసి, రూపాయి బిళ్ల అంచుతో మొహం మీద ఒక్కో చోట తట్టుకుంటూ వెళ్లండి. తల మెలితిరగకుండా నేరుగా వెనక్కి ఊగే చోటు స్వీట్ స్పాట్. బ్లేడ్ పటర్లలో అది మీరనుకున్న మధ్యలో ఉండదు, మడమ వైపు ఉంటుంది. పైన గీసిన గీత ఎక్కడున్నా బంతిని ఈ చోటుకే పెట్టుకోవాలి. తర్వాత కడ్డీని వేలి మీద అడ్డంగా నిలబెట్టండి. తల కొస నేల వైపు వాలితే అది తలుపులా తెరుచుకుని మూసుకునే ఊపుకు నప్పుతుంది. మొహం ఆకాశం వైపు చూస్తే నేరుగా ముందుకూ వెనక్కూ ఊపేవాళ్లకు. మీ ఊపు ఏదో మీకు తెలియకపోతే క్యాడీని అడగండి.

లాఫ్ట్ సంగతి ఒకటి. పాత పటర్ల మొహం ఇప్పటివాటి కన్నా కాస్త ఎక్కువ వెనక్కి వాలి ఉంటుంది. ఆ రోజుల్లో గ్రీన్ల గడ్డి పొడవు, బంతిని ముందు కొద్దిగా ఎత్తి తర్వాత దొర్లించాలి. మన దేశంలో చిన్న చిన్న దండు ఊళ్లలో గడ్డే ఉండేది కాదు. ఇసుకలో నూనె కలిపి చదును చేసి 'బ్రౌన్స్' అనేవాళ్లు. ఈనాటి గ్రీన్ల మీద పరిచే బెర్ముడా గడ్డి మన గరిక కుటుంబమే. వినాయకచవితికి తెంపే గరికలాగే అది కూడా ఒక వైపుకు వాలి పెరుగుతుంది. వాలుకు ఎదురు కొట్టేటప్పుడు ఆ పాత లాఫ్ట్ పనికొస్తుంది. నున్నగా కోసిన వేగమైన గ్రీన్ల మీద మాత్రం బంతి మొదట ఒక గెంతు గెంతుతుంది. చేతులు ఒక పిసరు ముందుకు నెట్టి పట్టుకుంటే సరిపోతుంది.

ఇప్పుడు నా డబ్బు పోయిన కథ. బుల్స్ ఐ దొరికిన ఉత్సాహంలో, ఆ కల్నల్ గారింటి ఆన్సర్ చేజారిన బాధలో ఒక రాత్రి ఫోన్ ముందు కూర్చున్నాను. ఒక ఆన్‌లైన్ అమ్మకందారు దగ్గర 'స్కాట్స్‌డేల్ ఆన్సర్' కనిపించింది. మూడు ఫోటోలు, మూడూ పైనుంచి తీసినవే. అడుగు భాగం ఫోటో అడగాలని తట్టలేదు. తట్టలేదంటే అబద్ధం, అడిగితే వేరేవాళ్లు కొనేస్తారని భయం. నెల జీతంలో మంచి ముక్కే పంపాను. వచ్చిన పటర్‌కు అయస్కాంతం అతుక్కుంది. అక్షరాలు అచ్చు గుద్దినట్టు పదునుగా లేవు, సబ్బులో చెక్కినట్టు గుండ్రంగా ఉన్నాయి. అమ్మినతను ఫోన్ ఎత్తలేదు. నిజానికి మోసం అతనిది కొంత, నా రాత్రి పదకొండు గంటల ఆశది ఎక్కువ. అప్పట్నుంచి ఒక నియమం పెట్టుకున్నాను. చేత్తో పట్టుకోని పటర్‌కు డబ్బు ఇవ్వను. తప్పనిసరైతే అడుగు, మొహం, మెడ, గ్రిప్ చివర నాలుగింటి ఫోటోలూ పగటి వెలుతురులో తీసి పంపమంటాను. పంపకపోతే వదిలేస్తాను. రాత్రి తొమ్మిది దాటాక ఏదీ కొనను. ఇది గోల్ఫ్‌కే కాదు, పట్టుచీరలకు కూడా వర్తిస్తుందని మా ఆవిడ అంటుంది.

తెచ్చాక చేయకూడనివి ముఖ్యం. నేను ఊళ్లో లేనప్పుడు మా ఆవిడ బుల్స్ ఐని పూజ సామానుతో పాటు చింతపండు వేసి తోమేసింది. బంగారంలా మెరిసింది. ఆవిడ తప్పేమీ లేదు, నేనే దాన్ని వంటింటి గట్టు మీద పెట్టి వెళ్లాను. బుల్స్ ఐకి అది పెద్ద నష్టం కాదు, వాటిని మెరుగు పెట్టి వాడేవాళ్లు చాలామంది ఉన్నారు. కానీ కంచు ఆన్సర్ మీద పేరుకున్న ఆ ముదురు గోధుమ రంగు దాని వయసు ధ్రువపత్రం. దాన్ని చింతపండుతో కడిగితే సేకరణ చేసేవాడి దృష్టిలో సగం విలువ కాలువలో పోయినట్టే. మెత్తటి గుడ్డ, గోరువెచ్చటి నీళ్లు, వెంటనే ఆరబెట్టడం, అంతే.

ఇంకోటి. పాత పింగ్‌లలో కొన్ని బెరీలియం కాపర్‌తో చేసినవి. వాడటానికి ప్రమాదం లేదు. ఆకురాయితో రాయడం, గ్రైండర్ పెట్టడం మాత్రం చేయకండి, ఆ పొడి ఊపిరితిత్తులకు విషం. లోహం ఏమిటో తెలియని తలను ఎప్పుడూ అరగదీయకండి. తల కోణం మార్చాలనిపిస్తే మెకానిక్ షెడ్డులో బెంచి వైస్‌కు బిగించొద్దు. గోల్ఫ్ కర్రలు సరిచేసేవాళ్ల దగ్గరే చేయించండి.

గ్రిప్ మాత్రం మార్చుకోవచ్చు, ఎక్కువసార్లు మార్చాలి. పాత రబ్బరు ఎండి పటికబెల్లంలా గట్టిపడుతుంది. పదునైన కత్తిని మీ ఒంటికి దూరంగా నడుపుతూ నిలువునా చీల్చి తీసేయండి. పాత టేపు గోకేసి, రెండు వైపులా అంటుకునే టేపు చుట్టండి. కొత్త గ్రిప్‌లో చివరి రంధ్రం వేలితో మూసి కాస్త టర్పెంటైన్ పోసి ఊపండి. ఆ తడినే టేపు మీద పోసి, ఒక్క తోపులో ఎక్కించండి. మధ్యలో ఆగితే అక్కడే ఇరుక్కుంటుంది. రాత్రంతా ఆరనివ్వండి. అసలు తోలు గ్రిప్ ఉంటే మాత్రం ముట్టుకోకండి. అది అరిగి చిరిగినా దాని అందం దానిదే.

బుల్స్ ఐ ఇప్పుడు మా ముందు గదిలో తలుపు వెనక ఉంటుంది. నేల షాబాదు బండలు. బండల మధ్య సందు గీత మీద బంతి పెట్టి, ఎనిమిది అడుగుల దూరంలో స్టీలు గ్లాసు పక్కకు పడుకోబెట్టి, రోజూ రాత్రి అన్నం తినబోయే ముందు ఇరవై పట్‌లు కొడతాను. గీత మీద నిలిచి దొర్లిందంటే గ్లాసులో టంగుమని మోగుతుంది. తప్పితే బండ వాలును బట్టి సోఫా కిందకు పోతుంది. సోఫా కిందకు పోయిన బంతిని తీయడానికి కూడా అదే పటర్ వాడతాం. గత నెల పనిమనిషి దాంతోనే అటక మీది నుంచి అట్టపెట్టె ఒకటి కిందకు లాగింది. మొహం మీద చిన్న గీత పడింది, మడమ వైపు కాదు కాబట్టి నేనేమీ అనలేదు.